మందు కొట్టినవాడు

“ఈ కేసు నిలబడదయ్యా,” అంటూ లాయరు కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నాడు. పొద్దుట్నుంచి ఇది ఆరో పార్టీ. బల్ల మీద టీ చల్లారి మీగడ కట్టింది.

ఎదురుగా కూర్చున్న మనిషి రైలు పట్టాల వెంట ఇరవై రెండేళ్లు కలుపు మందు కొట్టినవాడు. బుగ్గలు లోపలికి పోయాయి. నిద్రలేక కళ్లు గుంటలు పడ్డాయి. పక్కన భార్య తలనిండా శాలువా కప్పుకుని, ఆస్పత్రి కాగితాల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“ఇంతకుముందు ఇద్దరు లాయర్లు కూడా కాదన్నారండీ. మొదటాయనైతే, మందు కొట్టేవాణ్ణి అనగానే, తాగుడు మానెయ్యమని చెప్పి పంపేశాడు. తర్వాతి మాట చెప్పనిస్తేగా!”

భార్య ఫక్కున నవ్వింది. లాయరుకీ నవ్వొచ్చింది. కాస్త మెత్తబడి కాగితం మళ్లీ ముందుకు లాక్కున్నాడు.

“సరే, మొదటికొద్దాం. అడిగినదానికి మాత్రం జవాబు చెప్పు. చేతులకి తొడుగులు?”

“కంపెనీ ఇచ్చింది. వేసుకున్నానండీ.”

“ముక్కుకి మాస్కు?”

“ఒక్కరోజూ మానలేదు.”

“బూట్లు, ఒంటికి కోటు?”

“అన్నీనండీ. డ్యూటీ దిగగానే అక్కడే సబ్బుతో స్నానం చేసి, వేరే బట్టలు వేసుకునేవాణ్ణి.”

లాయరు పెన్ను బల్ల మీద పడేశాడు.

“ఇదేనయ్యా తంటా! రేపు నిన్ను బోనెక్కించి అవతలి లాయరు ఇవే అడుగుతాడు. నువ్వు ఇలాగే ఒప్పుకుంటావు. ఇన్ని జాగ్రత్తలు పడ్డాక, రక్త కేన్సరు ఆ మందు వల్లే వచ్చిందని జడ్జీని ఏం చెప్పి నమ్మించను?”

“పోదాం పదండి,” అంది భార్య. “ఇంకెన్ని గుమ్మాలెక్కుతాం?”

ఆమె లేవబోయి, కుర్చీ చెయ్యి పట్టుకుని ఆగిపోయింది. లాయరుకి జాలేసింది.

“నువ్వు కాసేపు బయట కూర్చో తల్లీ. ఇవన్నీ వింటే నీకు బాధ.”

“ఫర్వాలేదండీ. వినీ వినీ అలవాటైపోయింది.”

లాయరు నిట్టూర్చి భర్త వైపు వంగాడు.

“ఉన్నమాట చెప్పు. ఒక్కసారైనా, పొరపాటునైనా, ఆ మందు ఒట్టి చేత్తో ముట్టుకున్నావా?”

“నేను ముట్టుకోలేదండీ,” అన్నాడతను తల దించుకుని. “ఆ మందు బట్టలు ఇరవై రెండేళ్లు ఒట్టి చేతుల్తో ఉతికింది మా ఆవిడ. జబ్బు ఆవిడకండీ.”