నాలుగో అయస్కాంతం

"మ్యాగ్నెట్ లేనిది కావాలన్నా."

ఆ వీధిలో అది మూడో బైకు సామాన్ల కొట్టు. మొదటి రెండు కొట్లలోనూ అతను ఇదే మాట అడిగి, ఉత్త చేతులతో బయటికొచ్చాడు.

కుడి భుజానికి ఒంటి పట్టీతో వేలాడుతున్న సంచిని జాగ్రత్తగా బల్ల మీదికి దించాడు. అందులో ల్యాప్‌టాప్, మీటరు, స్పాంజిలో చుట్టిన సర్క్యూట్ బోర్డు ఉన్నాయి. కొట్లో గడియారం ఒంటిగంట దాటింది.

"నాలుగింటికల్లా పాల కేంద్రంలో ఉండాలి. అక్కడ పాలు చల్లబరిచే మిషను ఆగిపోయింది. ఈ బోర్డు వేస్తే గానీ నడవదు. ఆలస్యమైతే పాలు విరిగిపోతాయి, వాటితో పాటే నా ఉద్యోగమూ పోతుంది. ఆరు నెలలు ఇంట్లో కూర్చుని ఇవాళే పనిలోకి వచ్చాను. వీడి వల్ల కాదని మా సూపర్‌వైజరు అప్పుడే అనేశాడు."

"బండి వెనక సీటు మీద కట్టుకుపో" అన్నాడు కొట్టాయన.

"గతుకులకి బోర్డు చిట్లిపోతుందన్నా."

"మరి వీపుకి తగిలించుకో. రెండు భుజాలున్నాయిగా దేవుడిచ్చినవి!"

"అంత దూరం పట్టీ ఒరుసుకుంటే నా వల్ల కాదు. పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకునే బ్యాగే కావాలి."

ఇంత సుకుమారుడు అసలు బండెందుకు ఎక్కినట్టో అనుకున్నాడు కొట్టాయన. బేరం పోతుందని పైకి అనలేదు. అటక మీంచి ఒక ట్యాంక్ బ్యాగు తీసి దుమ్ము దులిపాడు. దానికి నాలుగు రెక్కలు, రెక్కకో అయస్కాంతం లోపల పెట్టి కుట్టేసి ఉంది.

"ఇదిగో, ట్యాంకు మీద పెట్టావంటే ఉడుంపట్టే!"

అతను పామును చూసినట్టు రెండడుగులు వెనక్కి వేశాడు.

"అయ్యో, ల్యాప్‌టాప్‌కి ఏమీ కాదయ్యా. వందమందికి అమ్మాను. ఒక్కడు తిరిగొచ్చి అడగలేదు."

"తెలుసన్నా. ఇరవై ఏళ్లుగా నేను చేసే పనే ఇది. వాటికేం కాదు. అయినా వద్దు."

"తెలిసీ వద్దంటే ఎలా?"

అతను గడియారం వంక చూశాడు. మొహం పాలిపోయింది. ఉన్నట్టుండి రెండు చేతులూ జోడించాడు.

"ఇదే తీసుకుంటానన్నా. ఆ మ్యాగ్నెట్లు కోసి తీసేయండి. ఒక్కటి కూడా మిగలకూడదు. ఈ పని పోతే నన్నింక ఎవరూ పెట్టుకోరు. మీకు దణ్ణం పెడతాను."

పెద్ద మగాడు అలా బతిమాలుతుంటే చూడటం ఎవరికైనా కష్టమే.

మూల కుట్టుమిషను మీద సీటు కవర్లు కుడుతున్న కొట్టాయన భార్య లేచి వచ్చింది. "తీసిచ్చెయ్యండీ. పాపం, చెమటలు పట్టిపోతున్నాయి మనిషికి" అంటూ నీళ్లిచ్చింది. అతను చొక్కా పై గుండీలు రెండు విప్పి, చేతిరుమాలుతో మెడా ఛాతీ తుడుచుకున్నాడు. ఆమె ఒక్కసారి చూసి, చప్పున తల దించుకుని మళ్లీ మిషను ముందు కూర్చుంది.

కొట్టాయన బ్యాగు పట్టుకుని వెనక గదిలోకి వెళ్లాడు. బ్లేడుతో మూడు రెక్కలు కోశాడు. నాలుగోది, సీటు వైపు ఉండే రెక్క దగ్గర అతని చెయ్యి ఆగింది. బ్యాగుకి ముందు వైపు ఒక్క బెల్టే ఉంది. వెనక ఏ పట్టూ లేకపోతే మలుపులో బ్యాగు జారి హ్యాండిల్‌కి అడ్డం పడుతుంది. మనిషి కింద పడతాడు. వెనకాల ఏ లారీయో ఉంటే అంతే సంగతులు.

మొండివాడు రాజుకన్నా బలవంతుడు. చెప్పినా వినడు. కొట్టాయన ఆ రెక్కను కొయ్యకుండా వదిలేశాడు. ఒక పాత చిరుగుల బ్యాగులోంచి అయస్కాంతం పీకి, లెక్క సరిచేశాడు.

బల్ల మీద నాలుగూ వరసగా పెట్టాడు. అతను దూరం నుంచే వేలు చూపిస్తూ లెక్కపెట్టుకున్నాడు.

"ఇంకేం లేవుగా అన్నా?"

"అమ్మతోడు."

అతని కళ్లు చెమర్చాయి. కొట్టాయనే స్వయంగా బ్యాగును ట్యాంకు మీద పెట్టి, ముందు బెల్టు బిగించాడు. సంచిలో సామాను అందులోకి మార్చాడు. అతను హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి చూశాడు. బ్యాగు అంగుళం కదల్లేదు.

"బెల్టొక్కటే అయినా భలే పట్టిందన్నా!"

"కట్టడంలో ఉంది కిటుకు."

ఆరు నెలల తర్వాత అతను మనసారా నవ్వాడు. బండి స్టార్టు చేసి, గాలికి ఎదురు వెళ్లాలి కదా అని ముందుకు వంగి, బ్యాగు మీద ఛాతీ ఆనించి దూసుకుపోయాడు. వీధి చివర మలుపు తిరిగాడు.

"ఇవాళ ఒక ప్రాణం కాపాడానే" అన్నాడు కొట్టాయన లోపలికి వస్తూ. "సీటు వైపు మ్యాగ్నెట్ తియ్యనే లేదు. అతనికి తెలీదు."

ఆమె చేతిలో కత్తెర జారి పడింది. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తింది. "బాబూ! ఓ బాబూ!" అని అరిచింది. మలుపు దగ్గర పొగ తప్ప ఏమీ లేదు.

కొట్టాయన కంగారుగా వెనకాలే వచ్చాడు. "ఏమైందే? ఆ బోర్డుకేం కాదని చెప్పాగా!"

"అతను గుండీలు విప్పినప్పుడు చూశానండీ... ఎడమ భుజం కింద కోత మచ్చ, చర్మం లోపల అగ్గిపెట్టెంత ఉబ్బు, అచ్చం గుండె ఆగిపోకుండా మా నాన్నకి పెట్టిన, మ్యాగ్నెట్ తగలకూడని మిషను లాగే!"