నీలం అట్ట రిజిస్టరు

భోజనాల సైరన్ మోగి అయిదు నిమిషాలైంది. పాత రికార్డుల గదికి లోపల గడియ పెట్టుకుని, చిట్టి ఇనప బీరువా పక్కన నక్కి నిలబడింది. వరండాలో బూట్ల చప్పుడు దగ్గరైంది. సరిగ్గా తలుపు ముందు ఆగింది.

"ఈ గది కూడా చూడాలి. భోజనాలయ్యాక తాళం తీయించండి," అంది ఒక ఆడగొంతు.

బూట్లు వెళ్లిపోయాయి. చిట్టి బీరువా వైపు తిరిగింది.

ఇంట్లో ఆమె చిట్టి. ఈ పిల్లల పాలపొడి ఫ్యాక్టరీలో మాత్రం ల్యాబ్ మేడమ్. ఆమె పరీక్షించి బాగుందంటేనే డబ్బాలు గేటు దాటతాయి. మొన్నమొన్నటిదాకా ఆ కుర్చీలో కూర్చున్నది వాళ్ల నాన్న. ఇప్పటికీ ఆయన్ని అందరూ పెద్దసారనే అంటారు.

దేశంలో సగం మంది పసిపిల్లలు తాగేది ఈ పొడే. అలాంటి కంపెనీని పరాయి దేశం వాళ్లు కొంటున్నారు. అమ్మకం ఖాయం కావాలంటే ప్రభుత్వ భద్రతా సంఘం ఒప్పుకోవాలి. ఆ లోపే కొనేవాళ్ల మనుషులు వచ్చి మూలమూలనా కెమెరాలు బిగించారు. వాళ్లు ముందుగా అడిగింది యంత్రాల గురించి కాదు, పాత పరీక్షల రిజిస్టర్ల గురించి.

ఆ మాట చెప్పిన రోజు నాన్న అన్నం కలుపుతున్న చేయి అలాగే ఆగిపోయింది.

"చూశావా? అన్నీ వదిలేసి వాటి మీదే పడ్డారు!"

"పాత కాగితాలతో వాళ్లకేం పని నాన్నా?"

"పిచ్చితల్లీ! పందొమ్మిదేళ్ల కిందటి నీలం అట్ట రిజిస్టరు ఒకటుంది. మన పొడిలో ఏది ఎంత కలపాలో, ఎక్కడ తేడా వస్తే పిల్లల ప్రాణానికి ముప్పో మొత్తం అందులోనే ఉంది. అది వాడికి దొరికిందా, ఉయ్యాల్లో ఉన్న ప్రతి బిడ్డా వాడి గుప్పిట్లో ఉన్నట్టే."

ఆయన ఒళ్లో చిట్టి కూతురు కేరింతలు కొడుతోంది. ఏడు నెలల పిల్ల. తాగేది ఆ పొడే.

"రేపు దీని డబ్బాలో ఏం కలిపినా అడిగేవాడుండడు," అన్నాడు నాన్న దాని తల నిమురుతూ.

చిట్టి అమ్మకం ఆపమని మర్నాడే భద్రతా సంఘానికి అర్జీ రాసి పడేసింది. నాన్న మెచ్చుకుంటాడనుకుంది. ఆయన మొహం పాలిపోయింది.

"నాతో ఒక్క మాట చెప్పొద్దూ? సంఘంలో వాళ్ల మనుషులు ఉండరని ఏంటి నమ్మకం?"

అప్పట్నుంచీ ఆయనకి తిండి సయించలేదు. వీధిలో కారు ఆగితే చాలు, కర్టెన్ లాగేసేవాడు. "ఎవరైనా నా కోసం వస్తే ఊళ్లో లేనని చెప్పు," అనేవాడు. నాన్న అంతలా వణకడం చిట్టి ఎప్పుడూ చూడలేదు. ఆ వణుకు ఆమెకీ అంటుకుంది.

సంఘం నుంచి తనిఖీకి వస్తున్నారని తెలిసిన ఈ ఉదయం, ఆయన తన దగ్గరున్న పాత రికార్డుల గది మారు తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"ఆ ఒక్కటీ తెచ్చెయ్ తల్లీ. కాల్చేద్దాం. అక్కడ తిరగేస్తూ కూర్చోకు, పట్టుబడతావు."

రిజిస్టరు అడుగు అరలో దొరికింది. చిట్టి దాన్ని సంచిలో క్యారియర్ కింద దోపి, మెల్లగా గడియ తీసి బయటపడింది. పరుగెత్తితే అనుమానం, నిలబడితే భయం. వరండా మలుపులో ఇద్దరు ఎదురయ్యారు. ఒకడు కొనేవాళ్ల మనిషి, ఎప్పుడూ టై కట్టుకుని తిరిగేవాడు. పక్కన మెడలో సర్కారు కార్డు వేసుకున్న ఒక నడివయసావిడ. ఆవిడ నోరు విప్పగానే ఆ గొంతు గుర్తుపట్టింది చిట్టి, ఇందాక తలుపు ముందు ఆగింది ఈవిడే.

"అర్జీ రాసిన ల్యాబ్ మేడమ్ మీరేనా? నేను భద్రతా సంఘం ఆఫీసర్ని. ఆ సంచి ఒకసారి చూపిస్తారా?"

చిట్టి సంచిని గుండెలకి హత్తుకుంది. "ఇవ్వను."

"ఎందుకని?"

"ఆయన ముందు ఇవ్వను. చంపినా సరే ఇవ్వను."

ఆఫీసరు టై మనిషి వైపు తిరిగింది. "మీరు ఇక్కడే ఉండండి." చిట్టిని ల్యాబ్‌లోకి తీసుకెళ్లి తలుపు మూసింది. "ఇప్పుడు మనిద్దరమే. చెప్పండమ్మా."

ఆ 'అమ్మా' అన్న పిలుపుకి చిట్టి కళ్లలో నీళ్లు తిరిగాయి. రిజిస్టరు తీసి ఆవిడ చేతుల్లో పెట్టింది. "దీన్ని పరాయివాళ్ల చేతికి పోనివ్వకండి. నాకూ చంటిపిల్ల ఉంది."

ఆఫీసరు అట్ట మీది సంవత్సరం చూసింది. "మేం వెతుకుతున్నది ఇదే."

"మీరా? ఎందుకు?"

"మీ అర్జీ సంగతి పేపర్లో చదివి కొందరు తల్లులు మా దగ్గరికొచ్చారు. ఆ ఏడాది ఈ పొడి తాగి పదకొండు మంది పసివాళ్లు పోయారట. కంపెనీ చేతులు మారితే ఈ పుస్తకం మాయమైపోతుందని వాళ్ల భయం." పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగింది. "ఇది చదివారా మీరు?"

"లేదు."

"చదవండి."

ఎవరో గుమాస్తా గుండ్రటి రాత. 'ఏడో నంబరు తయారీ. పొడిలో విషక్రిములు ఉన్నాయి. పసిపిల్లలకు ప్రాణాపాయం.' దాని కింద ఎర్ర సిరాతో ఒకే ఒక్క మాట. 'పంపవచ్చు.'

చిట్టి మళ్లీ చదివింది. తెలిసి తెలిసి ఇలాంటి మాట రాయడానికి ఏ మనిషికి చేతులొస్తాయి?

ఆ మాట పక్కనున్న సంతకం నాన్నది.