అరెజ్కీ కాపలా కాసిన పూలు

రాయి వచ్చి ఫెర్రూజా కాలి ముందు పడింది.

“మళ్లీ తయారయ్యావా? నీ కాళ్లు విరగ! దిగు కిందికి!”

వాలు మీద అరెజ్కీ. అరవై దాటిన మనిషి. చేతిలో ఇంకో రాయి సిద్ధంగా ఉంది. అతని వెనక, బెరడు ఒలిచిన ఓక్ చెట్ల నీడలో, కత్తుల్లాంటి ఆకుల మధ్య అడవి ఐరిస్‌లు ఊదాగా విరగబూశాయి. కబీలీ కొండల్లో జనవరి చలికి వెరవకుండా పూసేవి అవే. మిగతాచోట్ల మేకలు తొక్కేశాయి. ఇక్కడ మాత్రం అరెజ్కీ ఏ ప్రాణినీ అడుగు పెట్టనివ్వడు.

“నాలుగు దుంపలు పెళ్లగించుకుంటే నీ సొమ్మేం పోయింది? ఇదీర్ సమాధి మీద నాటుకుంటాను.”

“చచ్చినవాడికి పూలెందుకే!”

ఆమె ఒళ్లు మండిపోయింది. మూడేళ్ల కిందట అవతలి లోయలోకి కట్టెలకు వెళ్లిన ఆమె భర్త ఇదీర్ గుడ్డలో మూటై ఇంటికొచ్చాడు. ఊరంతా వచ్చి ఏడ్చింది. ఇతను గడప తొక్కలేదు. పోయిన నెల ఆమె మేక కాలు రాయితో విరగ్గొట్టాడు. ఊరి సభలో నిలదీస్తే లేచి వెళ్లిపోయాడు.

“వాడికి మతి చలించిందమ్మా, వదిలెయ్” అన్నారు పెద్దలు.

ఇవాళ ఆమె వదల్లేదు. పార పట్టుకుని పైకి పరుగెత్తింది. మొదటి పువ్వు అడుగు దూరంలో ఉండగా అరెజ్కీ ఆమె జుట్టు పట్టుకుని వెనక్కి లాగి రాళ్ల మీద పడేశాడు. పెదవి చిట్లింది. ఆమె అతని మొహాన ఉమ్మింది.

“కుక్కా! ఆడదాని మీద చెయ్యి చేసుకుంటావా? నిన్ను ఊళ్లోంచి తరిమించకపోతే చూడు!”

“తరిమించు. నువ్వు ఆగే రకం కాదు. ముందు ఆ బండ చాటున పడుకో. లేచావంటే చంపేస్తా.”

అతని మొహం చూసి ఆమె మొదటిసారి భయపడింది. బండ చాటుకు పాకింది.

అరెజ్కీ అడుగులు లెక్కపెట్టుకుంటూ పూలలోకి నడిచాడు. మోకాళ్ల మీద కూర్చుని, వేళ్లతో మెల్లగా మట్టి తీశాడు. ఐరిస్ వేళ్ల మధ్య తుప్పు పట్టిన ఇనప బిళ్ల ఒకటి బయటపడింది.

“మందుపాతర!” ఆమె బండ చాటు నుంచి అరిచింది. “అక్కడుందని నీకెలా తెలుసు?”

అరెజ్కీ తల ఎత్తలేదు.

“సైన్యం మీద పోరాడే అడవి ముఠాలో తిరిగినప్పుడు ఈ చేతుల్తోనే నాలుగు పాతాను, మూడు ఈ పూల కిందున్నాయి, నాలుగోదాని మీద నీ మొగుడు కాలేశాడు.”