తమ్ముడి గడియారం

చీకటి పడ్డాక కాంట్రాక్టరు గౌరునాయుడు గాజువాకలోని మా ఇంటికి వచ్చాడు. ఓడల అడుగు గోకడానికి మా తమ్ముణ్ణి నీళ్లలోకి దింపింది అతనే. గాలి పంపు దగ్గర మనిషిని పెట్టనిదీ, శవం చేతి నుంచి గడియారం విప్పుకున్నదీ అతనే.

ఇప్పుడు దాన్ని నా బల్ల మీద పెట్టాడు.

"మీరే ఉంచీసుకోండి మేష్టారూ. నాకొద్దు."

"అదేమిటి నాయుడుగారూ? ఇంత చవకలో ఇంత గట్టి గడియారం మళ్లీ రాదని, కంపెనీ ఈ రకం తయారీ ఆపేసిందని, పోర్టులో అందరికీ చూపించారటగా."

"ఎటకారం సెయ్యకండి బాబూ. ఓపాలి సూడండి."

అద్దం చుట్టూ ఒక రింగు ఉంది. నీళ్లలో ఇంకెంతసేపు ఉండవచ్చో తమ్ముడు దాన్నిబట్టే చూసుకునేవాడు. అది ఒకవైపే తిరుగుతుంది. పొరపాటున కదిలినా మిగిలిన సమయం తగ్గుతుందే కానీ పెరగదు.

టిక్కుమంది. ఎవరూ ముట్టుకోకుండానే రింగు ఒక గీత జరిగింది.

"రోజూ రేత్రి ఇలగే. రేవులో ఇసిరేసినా తెల్లారేసరికి నా సేతికే ఉంటంది. ఇంక ఒక్క గీతే ఉంది. ఆడి అన్న గదా, మీరు పుచ్చుకుంటే నన్నొగ్గేత్తాదంట."

నేను గడియారం తీసుకున్నాను. అతని ముఖం తేటపడింది. అప్పుడు అతని మణికట్టు పట్టుకుని, పట్టీ బిగించి పెట్టాను.

మళ్లీ టిక్కుమంది.

"మేష్టారూ, గాలి... గాలి ఆడతం లేదు."

కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. సముద్రపు గాలికి కర్టెన్లు ఎగురుతున్నాయి.

నేను కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చున్నాను.