పేరమ్మ అడిగిన గుడ్డ

లోపల నా కూతురు ఆదిశేషమ్మ నొప్పులు పడుతుంటే, చేతులు ఊరికే ఉంచుకోలేక నేను పక్కనున్న దాని కుట్టుగదిలో గుడ్డలు సర్దుతున్నాను.

గూడూరు నుంచి తెచ్చిన చీటిగుడ్డలు ఒకవైపు, పాప్లిన్ ఒకవైపు పెట్టాను. తెల్ల మల్లుగుడ్డను మాత్రం అన్నిటికీ అడుగున దాచేశాను. పోయినసారి కాన్పులో మంత్రసాని పేరమ్మ తలుపు సందులోంచి చెయ్యి చాపి, "కొత్త గుడ్డ ఇయ్యి మామా" అన్నది. ఇట్లాంటి తెల్లగుడ్డే ఇచ్చాను; పుట్టగానే పోయిన బిడ్డను అందులోనే చుట్టి, సముద్రం పక్కన పాతిపెట్టి వచ్చాను.

లోపల మూలుగు ఆగింది. బిడ్డ ఏడుపు మాత్రం వినిపించలేదు. మడతపెట్టిన గుడ్డనే మళ్లీ విప్పి మడతపెడుతున్నాను.

తలుపు సందులోంచి పేరమ్మ చెయ్యి వచ్చింది.

"గుడ్డ ఇయ్యి మామా."

అడుగు నుంచి ఆ తెల్లగుడ్డే లాగి ఇచ్చాను.

ఆమె దాన్ని తడిమిచూసి నా మీదికే విసిరేసింది.

"ఇదేంది మామా, కొత్తది పసిబిడ్డకు ఒరుసుకోదా? పాతది, బాగా మెత్తబడింది ఇయ్యి."

పాతది అడిగింది. ఓరి నా తండ్రీ, పాతది అడిగింది! గదంతా తిరగేశాను, అన్నీ కొత్తవే. ఇంక ఆగలేక కట్టుకున్న పంచెనే సగానికి చించాను. ఆ చప్పుడుకేమో, లోపల బిడ్డ కెవ్వుమన్నది.

"సగం పంచెతో నిలబడినావేంది మామా, పోయి ఇంకోటి కట్టుకోని రా" అన్నది పేరమ్మ. "నీ మనవరాలు కండ్లు తెరిచింది."