ఒగ్గీసినానన్న మాట

డీజిలు కరువై తీరమంతా మళ్లీ తెరచాపలకు వచ్చింది. కాకపోతే ఇప్పుడు చుక్కానికి నోరుంది, మొండితనమూ ఉంది. పడవను అమ్మినవాడు దాని ముక్కుమీద చెయ్యేసి "ఒగ్గీసినాను" అని దాన్ని వదులుకుంటే తప్ప అది కొత్తవాడి మాట వినదు.

దాసయ్య కొన్నది తన పగవాడు ఎల్లాజీ వాడిన జంటతెప్పని. నడుం పడిపోయి అమ్ముకుంటున్న ఎల్లాజీ, ఆ మాట అనడానికి చెయ్యి చాపాడు. దాసయ్య ఆ చేతిని విసిరికొట్టాడు.

"నీ నోటిమాట ఎవుడికి గావాల? నానెక్కితే అదే ఇంటాది."

"అయితే ఎక్కు," అన్నాడు ఎల్లాజీ.

ఒడ్డు నుంచి వీచే గాలికి తెప్ప బుద్ధిగానే సాగింది. దాసయ్య మీసం దువ్వుకున్నాడు. ఒడ్డు కనుమరుగయ్యాక వెనక్కి తిప్పబోతే చుక్కాని బిగుసుకుపోయింది. తన్నినా, తిట్టినా కదల్లేదు. తెప్ప నడిసముద్రంలోకే పోతోంది.

అప్పుడు చుక్కాని, ఇంట్లో ఉన్న ఎల్లాజీని రేడియోలో పిలిచింది.

"ఎల్లాజీ, నా మీద దొంగెక్కినాడు. తెచ్చీమంటావా, తోసీమంటావా?"

"ఎల్లాజీ! ఒగ్గీసినానని ఒక్క మాటనీరా, నీ కాళ్లట్టుకుంటాను!" దాసయ్య గొంతు చించుకున్నాడు.

అవతల కంచం పెట్టిన చప్పుడు వినిపించింది.

"ఉండు," అన్నాడు ఎల్లాజీ తెప్పతో. "అన్నం తిని సెప్తాను."