ముక్కు మీద చుక్క

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకి తాళలేక తిరుగుతున్న కర్రి కుక్కకి ఒక పెరట్లో చల్లని చోటు దొరికింది. ఎత్తు పీట మీద మంచినీళ్ల కుండ, దాని కింద తడి ఇసుక. అక్కడ అప్పటికే ఒక కప్ప కాపురముంటోంది.

"కాస్త జరుగు తమ్ముడూ," అంటూ కుక్క ఇసుకంతా తనే ఆక్రమించింది. హాయిగా కన్నంటుకునేలోపే ముక్కు మీద చుక్క పడింది. కాసేపటికి మరొకటి.

"చోటు బాగానే ఉంది గానీ, ఈ చుక్కతోనే చచ్చే చావుగా ఉందిరా."

"కుండ చెమర్చకపోతే చల్లదనమెక్కడిదన్నా?" అంది కప్ప.

"నేను పుట్టి బుద్ధెరిగి కప్పల చేత చెప్పించుకోలేదు," అంటూ కుక్క లేచి పీటని ఒక్క తోపు తోసింది. కుండ పగిలింది. కప్ప పక్కింటి కుండ కిందికి గెంతుకుంటూ పోయింది.

కుక్క దర్జాగా పడుకుంది. మధ్యాహ్నానికి నీళ్లన్నీ ఇంకిపోయి, ఆ ఇసుక పేలాలు వేయించే మంగలంలా తయారైంది. నాలుక వేలాడేసుకుని పక్కింటికి పరిగెత్తింది.

"తమ్ముడూ, కాస్త చోటుందా?"

"ఉందన్నా. కాకపోతే ఇక్కడా చుక్క పడుతుంది."

"పడనీరా," అంది కుక్క, కప్ప పక్కన ఇరుక్కుంటూ. "సరిగ్గా ముక్కు మీద పడాలంటే ఎక్కడ పడుకోవాలో అదొక్కటీ చూపించు."